ఉప్పు గ్రహంలో ఎలుక

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది యాభై ఆరో ఏట. ఒత్తులు పడాల్సిన చోట పడవు, దీర్ఘాలు ఒక్కోసారి దారిలోనే జారిపోతాయి. ఒక పేజీ నింపడానికి నాకు ఒక పూట పడుతుంది. తప్పులుంటే బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి పక్కన పెట్టుకోండి. సినిమాల గురించి గొప్పగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు రాసింది కూడబలుక్కుని చదివి, ఒళ్ళు మండి, ఇది రాస్తున్నాను.

'ఉప్పు గ్రహం' అని ఒక సినిమా ఉంది. మీరు చూసి ఉండరు. చూడనందువల్ల మీకు వచ్చిన నష్టమేమీ లేదు. ఉప్పుతో తయారైన లోకం నుంచి ఒక ఆడమనిషి, పడవ బోర్లించినట్టున్న విమానంలో, కేరళ సముద్రపు ఒడ్డున దిగుతుంది. నిజానికది బోర్లించిన పడవే. పైన వెండి రంగు పూశారు. లైట్‌హౌస్ కాపలావాడు ఆమెను చూసి మనసు పారేసుకుంటాడు. చిక్కేమిటంటే వాన పడితే ఆమె కరిగిపోతుంది. అంత దూరం నుంచి దారి కనుక్కుని వచ్చిన ఆ తెలివైన మనిషి వచ్చి వచ్చి జూన్ నెలలో కేరళలో దిగింది! మధ్యలో ముళ్ళు లేని గడియారం కొడుతుంది, చేప కడుపులో టెలిఫోన్ మోగుతుంది, అద్దం మీద చీమ ఒకటి నాలుగు నిమిషాలు నడుస్తుంది. ఆఖరున వాన రానే వస్తుంది. కరిగి మడుగైన ఆమెను అతను గంజిలో కలుపుకుని తాగుతాడు. అదీ ప్రేమ.

దాన్ని తీసినవాడు గోవర్ధన పొదువాళ్. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, భూమ్మీద ఒక మొగుడూ పెళ్ళాం సంసారం తీయడం చేతకాక గ్రహాల మీద పడ్డాడు. 1984లో అది విడుదలైంది. ఎక్కడ వేసినా మూడోరోజుకి ఎత్తేశారు. పాలక్కాడు దగ్గర ఒక్క నెన్మారలో మాత్రం తొమ్మిది రోజులు ఆడింది. ఆ సంగతి తరవాత పుస్తకాల్లోకి కూడా ఎక్కింది: 'నెన్మార పల్లె ప్రేక్షకులు మాత్రమే ఈ చిత్రాన్ని అర్థం చేసుకున్నారు' అని. నెన్మార ప్రేక్షకులు ఏం అర్థం చేసుకున్నారో మా వీధి తంకమణికి తెలుసు. ఎందుకంటే ఆ తొమ్మిది రోజులూ ఆడించింది ఆమె.

నెన్మారలో వల్లభ టాకీస్ అని ఒక రేకుల కొట్టాయి ఉండేది. తంకమణి మొగుడు వేలుక్కుట్టి అందులో ఆపరేటర్. తంకమణి ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపి, ఆట మొదలవగానే పైకి ఎక్కి, అయిపోయిన రీళ్ళను వెనక్కి చుట్టేది. తెగిన ఫిలింను బ్లేడుతో గీరి, జిగురు రాసి అతికించేది. ఆ జిగురు మాగిన అరటిపండు వాసన వేసేది. ఆమె చేతులు వంటింట్లో కూడా అదే వాసన. వేలుక్కుట్టి కంటే ఆమె అతుకే నున్నగా ఉండేదని యజమాని కుట్టన్ నాయర్ కూడా ఒప్పుకునేవాడు.

'ఉప్పు గ్రహం' మొదటే కురచ సినిమా. గంటా ముప్పై అయిదు నిమిషాలు. మా వైపు చిన్న టాకీసుల్లో జనం కథ బాగాలేదంటే క్షమిస్తారు గానీ నిడివి తగ్గితే క్షమించరు. "రీలు మింగేశార్రా!" అని బెంచీలు విరగ్గొడతారు. అందుకే సినిమా కురచైతే ఏదో ఒక ముక్క అతికించడం ఆపరేటర్లకి మామూలే. పాత పాటో, కొట్లాటో, ఒక్కోచోట చెప్పకూడనిదో. మొదటిరోజే జనం అరిచి వెళ్ళారు. రెండోరోజు మధ్యాహ్నం ఆటలో యంత్రం అయిదో రీలును కొరికి నలభై అడుగులు నమిలేసింది. నాయిక "నువ్వెవరు?" అని అడిగితే, కాపలావాడు ఏమీ చెప్పకుండా సముద్రం వైపు చూస్తూ నిలబడే చోటు అది.

కుట్టన్ నాయర్ పైకొచ్చి చూశాడు. "ఒక్క అడుగు తగ్గడానికి వీల్లేదు. ఇవాళ సాయంత్రం నా బెంచీలు పోతే నీ నడ్డి మీద కూర్చోబెడతాను వేలూ. ఏదో ఒకటి పూడ్చు" అని దిగిపోయాడు.

వేలుక్కుట్టి యంత్రం పళ్ళు తుడుస్తూ, "నువ్వే ఏదో అంటించు. వాడు సముద్రం చూస్తే ఏం, పేడకుప్ప చూస్తే ఏం, ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు పెళ్ళాంతో.

క్యాబిన్ మూల వ్యవసాయ శాఖవాళ్ళ చిన్న సినిమా ఒకటి పడి ఉంది. వరిచేలో ఎలుకల నిర్మూలన మీద. అంతకుముందు ఏడాది కుట్టన్ నాయర్ చేలోనే తీశారు. ఎలుకను తోక పట్టుకుని కెమెరాకి చూపించడానికి ఒక మనిషి కావలసి వస్తే, రైతులందరూ సిగ్గుపడి వెనక్కి తగ్గారు. చూడ్డానికి వెళ్ళిన వేలుక్కుట్టి లుంగీ ఎగగట్టి చేలో దిగాడు. పందికొక్కంత ఎలుకను తోక పట్టి పైకెత్తి, "ఇదిగో, మా బామ్మర్ది!" అని విరగబడి నవ్వాడు. ఆ మాట సినిమాలో వినపడదు. వెనక చెండ, అంటే కేరళ డోలు, వాయింపు ఒక్కటే ఉంటుంది. నవ్వు మాత్రం కనపడుతుంది.

తంకమణి ఆ నవ్వును సరిగ్గా నలభై అడుగులు కత్తిరించింది. అయిదో రీల్లో అతికించింది. మొగుడికి చెప్పలేదు.

సాయంత్రం ఆటలో ఉప్పు ఆడది "నువ్వెవరు?" అని అడిగింది. తెర మీద రంగు పోయింది, చెండ మోగింది, వేలుక్కుట్టి ఎలుకను పట్టుకుని నవ్వాడు. జనం తేరిపార చూశారు. తరవాత బెంచీల మీదికెక్కి మరీ ఈలలు వేశారు. "ఒరేయ్, మన వేలుక్కుట్టియేట్టన్రా! ఏట్టా, ఎలుక ఎంతకిస్తావ్?" ఏట్టన్ అంటే ఇక్కడ అన్న. క్యాబిన్ కంతలోంచి చూస్తున్న వేలుక్కుట్టి నోట్లో బీడీ జారి ఒళ్ళో పడింది. పంచె కాలుతున్నా చూసుకోలేదు. "చంపేస్తానే నిన్ను" అంటూ తెర మీద వాడికంటే ఎక్కువ నవ్వాడు.

ఆ తరవాత రోజులన్నీ జనం వచ్చింది దానికి. ఎలుక రాగానే చూసి సగంమంది లేచిపోయేవారు. పల్లె ప్రేక్షకుల రసహృదయం అంటే అదీ.

తరవాత సినిమా పంచేవాడు దుకాణం ఎత్తేశాడు. రీళ్ళు తిరిగి అడగడానికి ఎవరూ రాలేదు. 1994లో వేలుక్కుట్టి క్యాబిన్ మెట్ల మీదే గుండె పట్టుకుని కూర్చుని, మళ్ళీ లేవలేదు. వల్లభ టాకీస్ పెళ్ళిళ్ళ హాలు అయింది. తొమ్మిది రేకు డబ్బాలూ తంకమణి అటక ఎక్కాయి. మూతల మీద ఆమె కాకరకాయ వడియాలు ఎండబెట్టుకునేది. ఫిలింను మాత్రం మొగుడి పాత పంచెల్లో చుట్టి జాగ్రత్త చేసింది.

ఇంట్లో వేలుక్కుట్టి ఫోటో ఒకటే ఉంది, పెళ్ళిఫోటో. అందులో కర్ర మింగినవాడిలా ఉంటాడు. నవ్వే వేలుక్కుట్టి ఆ నలభై అడుగుల్లోనే ఉన్నాడు. ఏడాదికొకసారి, పోయిన తిథినాడు, అయిదో రీలు తీసి కిటికీ వెలుగుకి పట్టి చూసేది. గోరంత గోరంత వేలుక్కుట్టులు వరసగా, ఒక్కొక్కడి చేతిలో ఒక్కొక్క ఎలుక. అందరూ నోరు తెరిచే ఉన్నారు, ఎవడూ కదలడు. పదమూడేళ్ళు ఆమె కోరిక ఒక్కటే. వాడు కదలాలి. ఒక్కసారి నవ్వాలి.

2007లో కొచ్చి నుంచి రజతరేఖ వీడియోస్ కంపెనీ తరఫున ఆన్సి అనే అమ్మాయి నెన్మార వచ్చింది. జీన్సు ప్యాంటు, భుజాన సంచీ, చెమటకి కారిపోతున్న కాటుక. వస్తూనే చేచీ అని, అక్కా అన్నట్టు, పిలిచింది.

"చేచీ, మీ దగ్గర 'ఉప్పు గ్రహం' ప్రింటు ఉందని కుట్టన్ నాయర్ గారబ్బాయి చెప్పాడు. నెగెటివ్ లాబులో పాడైపోయింది. లోకం మొత్తంలో ఇదొక్కటే మిగిలింది. దీన్ని డీవీడీగా తెస్తున్నాం."

"ఎందుకు?" అంది తంకమణి.

ఆన్సి తడబడింది. ఆ ప్రశ్న ఆమెనెవరూ అడిగి ఉండరు. "అది... మన భాషలో మొదటి సైన్సు ప్రేమకథ కదా చేచీ. కల లాంటి సినిమా."

"నాకూ జ్వరం వస్తే అలాంటివే వస్తాయి మోళే, నా తల్లీ. ఎవరూ డీవీడీ తీయరు."

ఆన్సికి నవ్వొచ్చింది. అప్పుడే తంకమణికి ఆ పిల్ల నచ్చింది. డబ్బాలు దింపింది. "ఏమీ వద్దు. మొదటి డిస్కు నాకు చూపించు. నేను చూడాలి" అంది. ఎందుకో చెప్పలేదు.

నాలుగు నెలలకి పిలుపు వచ్చింది. త్రిశ్శూరులో ఫిలిం సొసైటీవాళ్ళ హాల్లో డిస్కు విడుదల. రెండు డిస్కులు, నలభై పేజీల పుస్తకం, పొదువాళ్ స్వయంగా వెనక నుంచి ప్రతి సీనుకీ అర్థం చెప్పిన ఇంకో ధ్వని. తంకమణి పక్కింటి నాణియమ్మను తోడు తీసుకుని బస్సెక్కింది.

హాల్లో చూడాలి ఆ జనాన్ని. గడ్డాలు పెంచినవాళ్ళు, నూలుచొక్కాలవాళ్ళు, ఒక్కొక్కడి మొహం ఇంట్లో ఎవరో పోయినట్టు. సినిమాకి వచ్చి నవ్వకపోవడం ఒక చదువనుకుంటారు వాళ్ళు. చీమ అద్దం మీద నడుస్తున్న నాలుగు నిమిషాలూ ఊపిరి బిగబట్టి చూశారు. నాణియమ్మ మాత్రం, "ఆ చీమని ఊదేవాడు లేడా?" అని పైకే అంది. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

అయిదో రీలు వచ్చింది. ఉప్పు ఆడది అడిగింది. రంగు పోయింది. చెండ మోగింది. వేలుక్కుట్టి ఎలుకను ఎత్తి పట్టుకుని, తల వెనక్కి వాల్చి, భుజాలు కదిలేలా నవ్వాడు.

తంకమణి నాణియమ్మ చెయ్యి పట్టుకుంది. అరనిమిషం కూడా లేదు. పళ్ళ సందు, మెడ మీద పుట్టుమచ్చ, నవ్వేటప్పుడు ఒక కన్ను ముందు మూసుకోవడం... ఆ కన్ను సంగతి ఆమె మరిచేపోయింది. హాల్లో ఎవరూ ఈల వెయ్యలేదు. ఒక్కడు మాత్రం, "ఆహా" అన్నాడు, గుళ్ళో అన్నట్టు.

సినిమా అయ్యాక డాక్టర్ ఇందుచూడన్ అనే విమర్శకుడు మైకు అందుకున్నాడు. ఆయన 'ఉప్పు గ్రహం' మీద పుస్తకం రాశాడట. అంటే వీడియో కంపెనీ పంపిన డిస్కు చూసి, మూడు వారాల్లో.

"రంగుల లోకం హఠాత్తుగా నలుపు తెలుపయ్యే ఆ క్షణం ఈ చిత్రానికి హృదయం. నువ్వెవరు అన్న ప్రశ్నకి జవాబు భాషలో లేదు. ఆ ఎలుక కాలం. ఆ తోక చరిత్ర. దాన్ని పట్టుకున్న మనిషి నవ్వు, తెలివి మీద పిచ్చి సాధించిన గెలుపు."

"ఎలుక కాలమైతే పిల్లి ఏమిటే?" అని నాణియమ్మ గొణిగింది.

ఎవరో పొదువాళ్‌ను అడిగారు. "సార్, ఆ నటుడెవరు? పేర్లలో ఎక్కడా లేదు."

పొదువాళ్‌కి డెబ్బై దాటాయి. తెల్లటి జుట్టు భుజాల దాకా, మెడలో కండువా. కళ్ళు మూసుకుని కొంచెంసేపు ఊరుకున్నాడు. అలా ఊరుకోవడంలో ఆయనకి మంచి సాధన ఉంది.

"అతను నటుడు కాదు. పొలంగట్టున దొరికిన పిచ్చివాడు. అతని పేరు నేను అడగలేదు. పేరు లేకపోవడమే అతని అందం. ఆ మర్నాడే ఎటో వెళ్ళిపోయాడు. ఏ చెరువు గట్టునో పోయి ఉంటాడు."

చప్పట్లు కొట్టారు.

తంకమణికి చెవుల్లో నూనె మరిగినట్టయింది. పదమూడేళ్ళు వాడు కదలాలని దాచుకుంది. కదిలాడు. కదిలిన వెంటనే వాడికి పిచ్చెక్కించి, పేరు తీసేసి, చెరువు గట్టున చంపేశాడు ఈ కండువావాడు. అదీ మైకులో.

టీ దగ్గర పప్పువడ కొరుకుతున్న పొదువాళ్ ఎదుటికి వెళ్ళి నిలబడింది. "సారే, ఆ ఎలుక మనిషి మా ఆయన. వల్లభ టాకీస్ ఆపరేటర్. ఆ ముక్క మీరు తీసింది కాదు. వ్యవసాయ శాఖవాళ్ళ ఎలుకల సినిమాలోది. మీ రీలు యంత్రంలో పడి నలిగితే, నేనే కత్తిరించి అతికించాను."

ఆయన భయపడతాడనో, బతిమాలతాడనో అనుకుంది. ఆయన వడ పూర్తిగా నమిలి, జాలిగా చూశాడు.

"అమ్మా, ఆ ఉదయం నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. మంచు పట్టి ఉంది. ఆ ఎలుక కోసం మూడు గంటలు కాచుకున్నాను. కెమెరా మనిషికి జ్వరం. నేనే కెమెరా పట్టాను. మీరు పొరబడుతున్నారు."

"మంచు లేదు సారే. మిట్టమధ్యాహ్నం. నీడ చూడండి, కాళ్ళ కిందే ఉంది."

"అది ఆత్మ నీడ" అన్నాడు ఆయన, ఇంకో వడ తీసుకుంటూ.

తంకమణికి అప్పుడు అర్థమైంది. వీడు అబద్ధం ఆడటం లేదు. అబద్ధమాడేవాడికి నిజం తెలిసుంటుంది. వీడికి ఏమీ తెలియదు. తన సినిమాలో ఏముందో తనకే గుర్తు లేదు. ఎవడో బాగుందన్న ప్రతిదీ తానే తీశాననుకుంటాడు, అంతే.

పక్కనే నిలబడ్డ ఆన్సి అంతా విన్నది. తంకమణిని ఒక గదిలోకి తీసుకెళ్ళి, లాప్‌టాప్ తెరిచి ఆ ముక్క ఆపి ఆపి చూసింది. వేలుక్కుట్టి మోచేతి వెనక ఒక బోర్డు మూల కనిపిస్తోంది. దాని మీద సగం మాట: 'నిర్మూలన'. ఆన్సి నుదురు కొట్టుకుంది.

"నాలుగు నెలలు దీన్ని గీతలు తుడిచి శుభ్రం చేశాను చేచీ. ఈ బోర్డు మీద దుమ్ము కూడా నేనే తుడిచాను. నిర్మూలన అంటే ఏదో తత్వమనుకున్నాను."

"నువ్వేం చేస్తావ్ మోళే. పెద్ద పెద్దవాళ్ళే తోకలో చరిత్ర చూశారు."

ఆన్సి గొంతు తగ్గించింది. "చేచీ, మీకు నిజం చెప్తున్నాను. ఇవాళ పెట్టినవి మూడొందల డిస్కులే. అసలు ముద్రణ వచ్చే వారం. ఈ సంగతి మా యజమాని చెవిన పడితే, అసలు సినిమాలో లేని ముక్క కదా, తీసేయమంటాడు. తీసేస్తే మళ్ళీ ఎక్కడా ఉండదు. చెప్పకపోతే మీ ఆయన సినిమాలో ఉంటాడు. కానీ పిచ్చివాడుగానే ఉంటాడు. డిస్కుతో ఇచ్చే పుస్తకంలో కూడా అలాగే వేస్తారు. మీరెలా చెప్పమంటే అలా."

తంకమణి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. నాణియమ్మ పొట్లంలో తెచ్చుకున్న ఇడ్లీ ముందు పెట్టింది.

"నిజం చెప్పేసెయ్యి. ఆ ముసలాడి కండువా ఊడిపోవాలి" అంది నాణియమ్మ.

"కండువా ఊడితే నాకేం వస్తుంది? వాడు నవ్వేది పోతుంది."

"పోనీ ఊరుకో."

"ఊరుకుంటే పిచ్చివాడని రాస్తారు. నాణీ, వాడు పాతికేళ్ళు ఒక్క ఆట ఆలస్యం చెయ్యలేదు. జ్వరంతో కూడా రీలు మార్చాడు. పిచ్చివాడా వాడు?"

"అయితే పేరు కావాలా, మొహం కావాలా?"

"రెండూ కావాలి" అంది తంకమణి. ఇడ్లీ తినలేదు.

లోపల నుంచి పొదువాళ్ గొంతు వినపడుతోంది. ఎవరికో ఆ మంచు ఉదయం గురించి చెప్తున్నాడు. ఇప్పుడు మంచులో ఒక కొంగ కూడా వచ్చింది. ఇందాక తనతో చెప్పినప్పుడు కొంగ లేదు.

తంకమణి చీర దులుపుకుని లేచింది.

భోజనాల దగ్గర పొదువాళ్ ఆకు ముందు కూర్చుని పాయసం తాగుతున్నాడు. పక్కనే ఇందుచూడన్. తంకమణి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. జన్మలో కుట్టన్ నాయర్ ముందు కూడా అలా నిలబడలేదు.

"సారే, మన్నించాలి. పెద్దదాన్నయ్యాను, మతి తప్పి ఏదో వాగాను. ఇప్పుడు మెట్ల మీద కూర్చుంటే అంతా గుర్తొచ్చింది. ఎలుకల సినిమా వేరు, ఇది వేరు. ఆ రోజు మీరే వచ్చారు. తెల్లారుజామున."

పొదువాళ్ తల పైకెత్తాడు. "మంచు" అన్నాడు.

"ఎంత మంచు సారే! పక్క మనిషి కనపడలేదు. కొంగ ఒకటి ఉంది."

"కొంగ!" అన్నాడు ఆయన. ఇందుచూడన్ చెయ్యి పట్టుకున్నాడు. "చూశావా? నేను చెప్పానా లేదా?"

"మా ఆయన ఇంటికొచ్చి ఒకటే పొంగిపోయాడు సారే. 'అంత పెద్ద మనిషి నా పేరు అడిగాడే. వేలుక్కుట్టీ, నెన్మార వేలుక్కుట్టీ అని రెండుసార్లు పలికాడు. నా సినిమాలో నీ పేరు వేస్తాను, ఈ ఎలుక సాక్షి, అని మాటిచ్చాడు' అన్నాడు. పోయేదాకా ఎదురుచూశాడు. మీరు మరిచిపోయి ఉంటారు. పెద్దవాళ్ళకి ఎన్ని పనులు."

పొదువాళ్ గ్లాసు కింద పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. తంకమణి మనసులో లెక్కపెట్టుకుంది, రీలు మారే ముందు తెర మూల పడే చుక్క కోసం కాచుకున్నట్టు. ఒకటి, రెండు, మూడు.

"వేలుక్కుట్టి" అన్నాడు ఆయన. "నెన్మార వేలుక్కుట్టి. ఎలా మరిచాను? ఎలుక సాక్షి అన్నాను. అవును, నేనే అన్నాను. ఆ రాత్రి మేమిద్దరం కల్లు తాగాం."

వేలుక్కుట్టికి కల్లు వాసన తగిలితే వాంతి. తంకమణి తల ఊపింది. "కడుపునిండా తాగారు సారే."

"కానీ పిచ్చివాడన్నారు కదా" అన్నాడు ఇందుచూడన్. ఆయన పుస్తకం అచ్చయిపోయింది పాపం.

"పిచ్చివాడంటే మామూలు పిచ్చివాడా?" అని పొదువాళ్ కసిరాడు. "అతను పొలానికి సాక్షి. నువ్వు సరిగ్గా అర్థం చేసుకోలేదు."

ఇందుచూడన్ వెంటనే జేబులోంచి చీటీ తీసి రాసుకున్నాడు. ఆయన చదువు ఆపాటిది. గాలి ఎటు వీస్తే తోక అటు.

మధ్యాహ్నం సభలో పొదువాళ్ మైకు ముందుకొచ్చి ఏడ్చాడు. ఇరవై మూడేళ్ళుగా తన గుండెలో మోస్తున్న బాకీ అన్నాడు. నెన్మార వేలుక్కుట్టి పేరు తన పేరు పక్కనే వెయ్యాలని కంపెనీవాళ్ళని అందరి ముందూ ఆజ్ఞాపించాడు. తంకమణిని వేదిక మీదికి పిలిచి కండువా కప్పబోయాడు. ఆమె, "ఉక్కపోత సారే" అని చేత్తో తీసుకుంది. ఆ కండువా ఇప్పుడు టీవీ మీద దుమ్ము పడకుండా కప్పడానికి పనికొస్తోంది.

హాలు తలుపు దగ్గర ఆన్సి నిలబడి ఉంది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆ పిల్ల పెదవులు బిగబట్టుకుని, నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తింది. ఆ హాల్లో ఆ రోజు నవ్విన మనిషి తెర మీద వేలుక్కుట్టి తరవాత ఆమె ఒక్కతే.

నెల తిరక్కుండా డిస్కు పోస్టులో వచ్చింది. ఆన్సి పంపింది. దాంతోపాటు తొమ్మిది డబ్బాలూ లారీలో వచ్చాయి. అట్ట వెనక నాయిక పేరు, నాయకుడి పేరు, వాటి కింద అదే సైజు అక్షరాల్లో: 'పొలంసాక్షి – నెన్మార వేలుక్కుట్టి'. కత్తిరించి అతికించిన చెయ్యి ఎవరిదో ఎక్కడా లేదు. తంకమణి వెతకనూ లేదు. మంచి అతుకు అంటే కనపడనిదే.

నాణియమ్మ ఇంట్లో మస్కట్ నుంచి అల్లుడు పంపిన డీవీడీ యంత్రం ఉంది. ఇద్దరూ దాని ముందు కూర్చున్నారు. నేరుగా ఎలుక చోటికి వెళ్ళడానికి ఆన్సి కాగితం మీద రాసి పంపిన నంబరు తంకమణి రిమోటు మీద నొక్కింది. ఉప్పు ఆడది "నువ్వెవరు?" అంది. చెండ మోగింది. వేలుక్కుట్టి ఒక కన్ను ముందు మూసి, తల వెనక్కి వాల్చి నవ్వాడు.

"ఏట్టా, ఎలుక ఎంతకిస్తావ్?" అని నాణియమ్మ నోట్లో వేలు పెట్టి ఈల వేసింది.

రంగు తిరిగొచ్చే లోపు తంకమణి ఆపేసింది.

"అదేమిటే, మిగతాది చూడవా?"

"మిగతాది ఏముంది? ఒకడు పెళ్ళాన్ని గంజిలో కలుపుకు తాగుతాడు" అంది తంకమణి. మళ్ళీ అదే నంబరు నొక్కింది.

పొట్నూరు గవిరమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉండేది పాలక్కాడు ఒలవక్కోడు, రైల్వే క్వార్టర్ల వెనక వీధి, తంకమణి నెన్మార నుంచి మారి వచ్చిన ఇంటికి మూడిళ్ళ అవతల.